ఔలీలో మంచు నేర్పిన పాఠం

సముద్రతీరాన పుట్టి పెరిగి, కొలిమి వేడిమి నడుమ ఉద్యోగం చేసే మాకు మంచు అంటే అరకు దారిలో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు మాత్రమే. పాదం మోపితే మోకాలిదాకా దిగబడే మంచును ఒక్కసారైనా చూడాలన్న కోరిక మా మిత్రబృందానికి చాలా ఏళ్లుగా ఉన్నది. మాలో పెద్దవారైన ఫోర్‌మన్‌ గారు మరుసటి సంవత్సరం పదవీ విరమణ చేయనుండడంతో, "ఈసారి ఎల్‌.టి.సి. హిమాలయాలకే" అని తీర్మానించాము. 2024 జనవరి చివరి వారంలో ఐదుగురు మిత్రులం సెలవులు పెట్టుకుని, మంచుమీద స్కీయింగ్‌ నేర్చుకోవాలన్న సంకల్పంతో గఢ్వాల్‌ ప్రాంతంలోని ఔలీకి ప్రయాణం కట్టాము.

బయలుదేరే ముందు మమ్మల్ని వేధించిన భయం ఒక్కటే: అక్కడ మంచు ఉండదేమోనని. ఆ ఏడాది జనవరిలో పశ్చిమ హిమాలయాలు దాదాపు ఎండిపోయి ఉన్నాయి. స్కీయింగ్‌కు పేరుపడిన వాలులు సైతం బోసిగా ఉన్నాయని పత్రికలు రాశాయి. "మంచు పడకపోతే ఖర్చంతా వృథాయే" అని మా ఎకౌంట్స్‌ మిత్రుడు దారిపొడవునా లెక్కలు వేస్తూనే ఉన్నాడు. మంచు ఎక్కువైతే ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

విశాఖ నుంచి ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి, అక్కడినుంచి మరో రైలులో హరిద్వార్‌కు చేరి జీపు మాట్లాడుకున్నాము. ఋషీకేశ్‌ నుంచి జోషీమఠ్‌ సుమారు 250 కిలోమీటర్లు. కొండల దారి గనుక పగలంతా ప్రయాణమే. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి గంగ అనే పేరు పొందుతాయి. అక్కడినుంచి రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ అంటూ ఒక్కొక్క సంగమమూ దాటుతుంటే, చిన్ననాడు పెద్దల నోట విన్న పేర్లన్నీ మైలురాళ్లపై కనబడుతున్నట్లు అనిపించింది.

ఆ రాత్రి జోషీమఠ్‌లో బస చేశాము. ఆదిశంకరులు నెలకొల్పినట్లు ప్రసిద్ధి చెందిన జ్యోతిర్మఠం ఇదే. ఇక్కడి నరసింహస్వామి ఆలయానికి వెళ్లినప్పుడు, సింహాద్రి అప్పన్న భక్తులమైన మాకు సొంత ఊరికి వచ్చినట్లే తోచింది. శీతకాలంలో బదరీనాథ్‌ ఆలయం మూసి ఉండే మాసాలలో ఇక్కడి పూజలకే ప్రాధాన్యం. స్వామివారి ఒక చేయి నానాటికీ సన్నబడుతున్నదనీ, అది విరిగిననాడు బదరికి దారి మూసుకుపోతుందనీ స్థానికుల విశ్వాసం. సింహాచలంలో అక్షయతృతీయనాడు నిజరూప దర్శనం జరిగితే, ఇంచుమించు ఆ రోజులలోనే ఇక్కడ బదరీ ద్వారాలు తెరుచుకుంటాయి.

ఆ పట్టణంలో మరొక దృశ్యం మా మనసులను కలచివేసింది. 2023 జనవరిలో నేల కుంగి వందలాది ఇళ్లు బీటలు వారాయి. నివాసయోగ్యం కావని గుర్తించిన కట్టడాలకు అప్పుడు ఎర్రరంగుతో గుర్తులు వేశారు. ఇక్కడినుంచి ఔలీకి సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున ఉన్న రోప్‌వేను కూడా ఆ సమయంలోనే నిలిపివేశారు. అందువల్ల మేము వెళ్లేనాటికి పైకి చేరడానికైనా, దిగి రావడానికైనా మలుపులు తిరిగే రోడ్డు ఒక్కటే ఆధారం.

ఔలీ సముద్రమట్టానికి సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తున, దేవదారు వనాల నడుమ పరచుకొన్న వాలు. పచ్చికబయళ్లను ఇక్కడివారు 'బుగ్యాల్‌' అంటారు. వేసవిలో గొర్రెలు మేసే ఈ బయళ్లే శీతకాలంలో స్కీయింగ్‌ మైదానాలు. భారత–టిబెట్‌ సరిహద్దు పోలీసు దళం తన పర్వతారోహణ, స్కీయింగ్‌ శిక్షణ సంస్థను ఇక్కడే నడుపుతున్నది. 2011 జనవరిలో దక్షిణాసియా శీతకాల క్రీడలలో కొన్ని పోటీలు ఈ వాలులపైనే జరిగాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే 7,816 మీటర్ల నందాదేవి ఎదురుగా దర్శనమిస్తుంది. మరొక దిక్కున ద్రోణగిరి. ఆంజనేయుడు సంజీవని కోసం పెకలించుకుపోయినది ఈ కొండనేననీ, ఆ కోపంతో ద్రోణగిరి గ్రామస్థులు నేటికీ హనుమంతుని పూజించరనీ చెబుతారు.

మా అదృష్టమో ఏమో, నెల చివరి రోజున మంచు కురిసింది! మరునాడు కాస్త తెరిపి ఇవ్వగానే, జోషీమఠ్‌కు చెందిన ఒక యువకుడు మాకు శిక్షకుడుగా కుదిరాడు. ఆయన నేర్పిన మొదటి విద్య పడిపోవడం! వెనక్కు పడరాదు, పక్కకు ఒరగాలి. రెండవది ఆగడం: స్కీల ముందు కొనలను దగ్గర చేసి, వెనుక భాగాలను ఎడం చేస్తే వేగం తగ్గుతుంది. ముందుకు జారడం మూడవ పాఠం మాత్రమే. క్రేన్‌ను అంగుళం తేడా లేకుండా నిలిపించే ఫోర్‌మన్‌ గారు తనను తాను నిలుపుకోలేక పదే పదే పడుతూ పసిపిల్లవానివలె నవ్వారు. ఆ రాత్రి మండువా రొట్టెలు పెట్టారు. రుచి చూడగానే అవి మన చోళ్లేనని గుర్తుపట్టి మరి రెండేసి అడిగి తిన్నాము.

రెండు రోజుల అనంతరం మళ్లీ మంచు మొదలైంది. మనకు తుపాను తూర్పున బంగాళాఖాతం నుంచి వస్తుంది. ఇక్కడి శీతకాలపు తుపాను పడమటినుంచి వస్తుంది. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన వాయుగుండాలు ఇరాన్‌, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి హిమాలయాలకు తగిలి మంచు కురిపిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ హోరును విన్నవారం మేము. ఈ తుపానుకు మాత్రం చప్పుడే లేదు. తెల్లవారి తలుపు తీస్తే మెట్లు కనబడలేదు. రోడ్డు మూసుకుపోయింది, కరెంటు పోయింది, ఫోను పలకలేదు.

హరిద్వార్‌లో మా రైలు మరునాటి సాయంత్రం. సోమవారం మొదటి షిఫ్టుకు హాజరు కావాలి. జీపు కదలకపోతే పద్నాలుగు కిలోమీటర్లు నడిచైనా దిగిపోదామని మాలో నలుగురం పట్టుబట్టాము. ఫోర్‌మన్‌ గారు ఒక్కరే వద్దన్నారు. శిక్షకుడు ప్రశాంతంగా, "సాబ్‌, కొత్త మంచు కింద పాత మంచు గడ్డకట్టి ఉన్నది. ఎక్కడ జారుతుందో మాకే తెలియదు" అన్నాడు.

పదిగంటల వేళ మంచు కాస్త ఆగింది. "మొదటి మలుపుదాకా వెళ్లి రోడ్డు చూసి వస్తాము" అంటూ మా భద్రతా విభాగపు మిత్రుడూ, ఎకౌంట్స్‌ మిత్రుడూ ఎవరికీ గట్టిగా చెప్పకుండానే బయలుదేరారు. మలుపు అరకిలోమీటరే. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, గాలితో కూడిన మంచు తిరిగి అందుకున్నది. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. నీడ లేదు, ఎత్తుపల్లాలు లేవు. వారి అడుగుజాడలు మా కళ్లముందే పూడిపోయాయి. అరగంట దాటినా వారు రాలేదు.

వెదకడానికి మేము కదలబోతే శిక్షకుడు ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇద్దరికోసం ఐదుగురిని పోగొట్టుకోలేము" అన్నాడు. వంటింటినుంచి పెద్ద ఇత్తడి పళ్లెం, గరిటె తెచ్చి ఫోర్‌మన్‌ గారి చేతికిచ్చి, "ఆపకుండా వాయించండి" అని, తాను నడుముకు తాడు కట్టుకుని, రెండవ కొస మాకిచ్చి, ఆ పొడవున్నంతమేరకే దిగాడు. ఫోర్‌మన్‌ గారు వాయిస్తూనే ఉన్నారు. చేయి మారుద్దామని మేము అడిగినా ఇవ్వలేదు. దాదాపు ఇరవై నిమిషాలకు తాడు బిగిసింది. దేవదారు చెట్టు మాటున ముడుచుకుని, ఏ దిక్కు ఎగువో ఏది దిగువో తెలియక నిలిచిపోయిన ఆ ఇద్దరూ పళ్లెం మోతను పట్టుకుని నాలుగడుగులు వేసి శిక్షకుని కేకకు అందారు.

లోపలికి రాగానే వారు మొద్దుబారిన వేళ్లను మంటలో పెట్టబోయారు. శిక్షకుడు వారించాడు. స్పర్శ లేని వేలికి కాలినా తెలియదు. రుద్దితే చర్మం పాడవుతుంది. గోరువెచ్చని నీటిలో మెల్లగా వేడెక్కించాలి. మంట పుట్టి కన్నీళ్లు వచ్చినప్పుడు, "ఇప్పుడు బాగున్నట్లే" అని నవ్వాడు. అతని ఇంటి గోడ కూడా బీటలు వారిందని ఆ రాత్రి మాటల సందర్భంలో తెలిసింది.

మా భద్రతా విభాగపు మిత్రుడు చాలాసేపు మౌనంగా ఉండి, "ఏటా మార్చి 4న అందరిచేతా ప్రతిజ్ఞ చేయిస్తాను. రైలు టిక్కెట్టు కోసం ఇవాళ నేనే దానిని మరిచిపోయాను" అన్నాడు. మేమెవరమూ ఆయనను నిందించలేకపోయాము. నడిచి దిగుదామన్న నలుగురిలో మేమూ ఉన్నవారమే కదా!

మరో రెండు రోజులు అక్కడే ఉండిపోయాము. రైలు తప్పిపోయింది. ఫోను పలికిన మరుక్షణం సెలవు పొడిగింపు కోరాము. మూడవనాటి ఉదయం మబ్బు విడి నందాదేవి శిఖరం బంగారు ఛాయలో వెలిగింది. రోడ్డుపై మంచు తొలగించాక కూడా డ్రైవరు ఎండ పడేవరకు కదలలేదు. రాత్రి గడ్డకట్టిన నీటిపొర కంటికి కనబడదట. చక్రాలకు గొలుసులు బిగించి, ఆ కొద్ది దూరాన్ని రెండు గంటలలో దింపాడు.

ఔలీ వెళ్లదలచిన సహోద్యోగ మిత్రులకు మా మనవి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులైనా అదనంగా ఉంచుకోండి. వాతావరణ శాఖ హెచ్చరికలను రోజూ చూడండి. గదినుంచి కదిలేముందు ఎక్కడికో, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్లండి. స్థానికుడు వద్దన్నచోట మన హోదాలు పనికిరావని గుర్తుంచుకోండి.

2025లో ఫోర్‌మన్‌ గారి వీడ్కోలు సభ జరిగింది. అందరూ ఆయన సర్వీసు గురించి ప్రశంసించారు. ఆయన మాత్రం, "ఇన్నేళ్లు సైరన్‌ విని లోపలికి వెళ్లాను. ఒక్కరోజు పళ్లెం మోగించి ఇద్దరిని లోపలికి పిలిచాను" అని కూర్చున్నారు. సభలో ఉన్న ఆ ఇద్దరు మిత్రులూ లేచి వెళ్లి ఆయన పాదాలకు నమస్కరించారు.