డైనమో మసకబారే చోట

నేను ఇంటింటికీ పేపర్లు వేస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి తెనాలిలో కట్టలు తీసుకుని, కాలువ గట్టు మీదుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళతాను.

ధనుర్మాసంలో ఆ గట్టు మీద మంచు దట్టంగా పడుతుంది. నా సైకిలుకు డైనమో లైటు ఉండేది. చక్రం జోరుగా తిరిగితే వెలుగు, నెమ్మదిస్తే మసక, ఆగితే చీకటి. ఒక రోజు గుంతలు వచ్చాయని నెమ్మదించాను. లైటు మసకబారింది. ముందు వరిగడ్డి ట్రక్కు ఆగి ఉంది. దాని వెనక ఎర్ర దీపం లేదు. తగిలాకే అది అక్కడుందని తెలిసింది.

ఎడమ చెయ్యి పైకి లేవలేదు. అరిచాను, ఎవరూ పలకలేదు. కాలువలోకి జారిపోతానేమోనని కుడిచేత్తో తుంగ పట్టుకుని పడి ఉన్నాను. ఏడ్చాను కూడా. పాల క్యాన్లతో మోటారు సైకిలు మీద పోతున్న ఒకతను ఆగాడు. క్యాన్లు గట్టు మీదే దించేసి, నన్ను ఎక్కించుకుని ఆసుపత్రిలో చేర్చాడు. అతని పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

మెడ కింద ఎముక విరిగింది. భుజాలు వెనక్కి లాగి కట్టు కట్టారు. ఆరు వారాలన్నారు. సంక్రాంతి నాడు నా భార్యే నాకు చొక్కా తొడిగింది, లుంగీ కట్టింది. పిల్లలు చూస్తున్నారని ఆమె మీద విసుక్కున్నాను. ఆమె మాట్లాడలేదు. పక్కింటి కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. నేను లేచేదాకా నా పేపర్లు వేసొచ్చి, ఆ తర్వాతే కాలేజీకి వెళ్లాడు. ఆ పని నాకు మిగిలిందంటే అతని వల్లే.

కట్టు విప్పాక మళ్లీ బయల్దేరాను. గట్టు మొదట్లోనే కాళ్లు వణికాయి. దిగి, సైకిలు నడిపించుకుంటూ పోయాను. ఎక్కే వెళ్లానని ఇంట్లో చెప్పాను.

కొత్త లైటు కొనడానికి డబ్బు లేదు, ఆసుపత్రి అప్పే తీరలేదు. రేడియోలు, టీవీలు బాగుచేసే బాబాయికి సంగతంతా చెప్పాను. నడిపించుకుంటూ పోతున్నానని కూడా ఆయనకే చెప్పాను. "డైనమో నీ కాళ్ల మీద ఆధారపడుద్దిరా. నువ్వు భయపడి నెమ్మదిస్తే అదీ ఆరిపోద్ది. సెల్లుతో చేద్దాం" అన్నాడు.

పాడైన లాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులోని సెల్లులు మీటరుతో చూశాడు. 2.5 వోల్టుల కంటే కిందికి పడిపోయినవి పక్కన పడేశాడు. మంచిది ఒకటి తీశాడు. సెల్లు మీద నేరుగా టంకం పెట్టకూడదట, వేడికి పాడవుతుంది. అందుకని పాత రేకు ముక్క దానికే ఉంచి, ఆ ముక్కకు వైరు అతికించాడు. 1 వాటు ఎల్‌ఈడీని అల్యూమినియం రేకు మీద బిగించాడు, లేకపోతే కాలిపోతుంది. నిండా చార్జయిన సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది, ఎల్‌ఈడీకి సుమారు 3.2 చాలు. మిగిలింది ఆపడానికి 3.3 ఓమ్‌ల రెసిస్టరు వేశాడు. చార్జింగుకు టీపీ4056 బోర్డు, అదీ సెల్లు మరీ ఖాళీ కాకుండా కాపాడే రకం. పాత టార్చి అద్దం పెట్టి, అన్నీ పీవీసీ పైపు ముక్కలో సర్ది, నీళ్లు దిగకుండా ఎం-సీల్ పూశాం. హ్యాండిలుకు ట్యూబు ముక్కతో కట్టాను. ఖర్చు 150 రూపాయలు దాటలేదు. చేసిన పనికి బాబాయి ఏమీ తీసుకోలేదు.

శివరాత్రి ముందు మంచులో మొదటిసారి వెలిగించాను. ముందంతా తెల్లటి గోడలా అయిపోయింది. మళ్లీ గుండె దడదడలాడింది. వెలుగు మంచుకు తగిలి కళ్లలోకే తిరిగొస్తోంది. లైటును బాగా కిందికి వంచి, పైన రేకుతో చిన్న గొడుగు పెట్టాను. అప్పుడు నేల కనిపించింది. అలా వంచితే ఎదురొచ్చేవాళ్ల కళ్లలోనూ పడదు. మీరు చేసుకుంటే మొదటి రోజే వంచి కట్టండి. సెల్లు చార్జింగులో పెట్టి నిద్రపోకండి. వేడెక్కితే వెంటనే తీసేయండి. వెనక మడ్గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు తప్పకుండా పెట్టండి.

ఇప్పుడు గుంతల దగ్గర ఎంత నెమ్మదించినా వెలుగు తగ్గదు. కానీ ట్రాక్టరు పెద్ద లైట్లు వేసుకుని ఎదురొస్తే నాకేమీ కనిపించదు. దిగి గట్టు అంచున నిలబడతాను. అది దాటి పోయాకే మళ్లీ ఎక్కుతాను. చివరి ఊళ్లో పేపరు కాస్త ఆలస్యమవుతుంది. ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.