నొక్కడమే కాదు, వదలడమూ ముఖ్యమే!

మీ కళ్లెదుటే ఇంట్లో పెద్దవారొకరు ఉన్నట్టుండి కుప్పకూలిపోయారనుకోండి. మీరేం చేస్తారు?

మేం చేసిన పని చెబుతాను. నా చిన్నతనంలో మా పెదనాన్నగారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వస్తూ వసారాలో పడిపోయారు. ఒకరు మొహాన నీళ్లు చల్లారు. ఒకరు విసనకర్రతో విసిరారు. ఒకరు అరికాళ్లు రుద్దారు. ఆయన రొమ్ము మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. రిక్షాలో ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. తర్వాత నేను డాక్టరునయ్యాను గాని, ఆ మధ్యాహ్నం మరపుకు రాలేదు.

గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే రక్తం అందక మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. రొమ్ము మీద నొక్కితే కొంత రక్తమైనా నడుస్తుందని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1960లో ప్రకటించారు. ఆ తర్వాత ఎన్నో కొత్త పద్ధతులు వచ్చాయి. రొమ్మూ, పొట్టా మార్చి మార్చి నొక్కడం ఒకటి. యంత్రంతో నొక్కించడం మరొకటి.

1990లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఒక విచిత్రం రాశారు. గుండె ఆగిన తండ్రిని కొడుకు, మరుగుదొడ్డి పూడితే వాడే రబ్బరు కప్పు కర్రతో రొమ్మును నొక్కుతూ లాగుతూ బతికించుకున్నాడట! నవ్వకండి. ఆ కర్రను చూసే వైద్యులు రొమ్మును పైకి లాగే పరికరం చేశారు.

లాగితే లాభమేమిటంటారా? పెన్నులో సిరా పోసే ఫిల్లరును తలుచుకోండి. బుడ్డి పిసికితే సిరా పోతుంది, వదిలితేనే మళ్లీ ఎక్కుతుంది. గుండె కూడా అంతే. రొమ్ము పైకి లేచినప్పుడే రక్తంతో నిండుతుంది.

ఆ పరికరం ఒక్కటే వాడితే నిలకడైన లాభం కనబడలేదు. ఊపిరి దారిలో ఒక వాల్వు కూడా చేర్చి పరీక్షిస్తే, మెదడు బాగుండి ఇల్లు చేరినవారు నూటికి 6 నుంచి 9కి పెరిగారని 2011లో తేలింది. అవి శిక్షణ పొందినవారి పనిముట్లు. మీరు రబ్బరు కప్పు కోసం వెతక్కండి. మీ చేతులు చాలు.

మనిషి పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఎగశ్వాసను ఊపిరి అనుకోకండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మొదలు, దానిపై రెండో చెయ్యి ఉంచండి. మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ బరువు పూర్తిగా వదలండి. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి. సాయం వచ్చేదాకా ఆపకండి.

ఆనాడు మా వసారాలో ఆరుగురు పెద్దలున్నారు. ఒక్కరికి ఈ పని తెలిసినా పెదనాన్నగారు బతికేవారని చెప్పలేను. ఒక అవకాశమైతే ఉండేది. మీ ఇంట ఆ అవకాశం పోనివ్వకండి.