ఆదోని అంబాసిడర్ ఎందుకు ఆగుతోంది?

కర్నూల్లో బళ్ళారి చౌరస్తా దాటి కాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. నేను వెళ్ళిన షెడ్డుకు బోర్డు లేదు. పాత కార్లున్న వాళ్ళు బోర్డు చూసి రారు, ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. వేపచెట్టు కింద రెండు ప్రీమియర్ పద్మినిలు, తలుపులు ఊడదీసిన ఒక మారుతి 800, వాటి వెనక ఒక తెల్ల అంబాసిడర్. మార్క్ 4, పెట్రోల్ బండి. మే నెల కావడంతో పొద్దున తొమ్మిదికే రేకుల కింద సెగ మొదలైంది.

బెంగాల్లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అయినా సీమలో ఇంకా అక్కడక్కడా ఈ కారును సొంత మనిషిలా చూసుకునేవాళ్ళున్నారు. ఈ కారు ఓనరు ఆదోని పత్తి వ్యాపారి, అరవై దాటిన పెద్దాయన.

ఆయన బాధ ఒకటే. కారు ఊళ్ళో బాగానే తిరుగుతుంది, రోడ్డెక్కితే ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ కదులుతుంది. ఇప్పటికే వేరే మెకానిక్‌లు పాయింట్లు, కండెన్సర్, కాయిల్ మార్చారు. కార్బరేటర్ విప్పి కడిగారు. పంపుకు కొత్త డయాఫ్రం పడింది. ఇంకేం మార్చాలో తోచక చివరికి అందరూ కలిసి తప్పు ఎండ మీదికి నెట్టారు. "పెట్రోల్ ఆవిరైపోతాంది సార్, మన ఎండలకు అంతే" అన్నారట.

ఆ మాట వట్టిది కాదు. పాత కార్లలో పెట్రోల్ పంపు ఇంజన్‌కు అతుక్కుని ఉంటుంది. వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీల్చుకుంటుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి, పీల్పుకు పీడనం తగ్గితే ఇంకా తొందరగా. బయటే నలభై నాలుగు ఉన్న రోజు బానెట్ కింద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. పైపులో ద్రవం పోయి ఆవిరి నిండుతుంది. పంపుకు పెట్రోల్ అందదు, కారు ఆగుతుంది. అందుకే సీమ డ్రైవర్లు నీళ్ళ సీసా, గుడ్డ దగ్గర పెట్టుకునేవారు. తడిగుడ్డ పంపు మీద వేసి, ఒక బీడీ కాల్చి, సెల్ఫ్ కొడితే బండి అందుకునేది. ఈ పెద్దాయన డ్రైవరూ అదే చేస్తున్నాడు, బండి అందుకుంటూనే ఉంది. అందరూ ఎండనే నమ్మడానికి కారణం అదే.

ఈ షెడ్డు మేస్త్రీ మాత్రం బానెట్ ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

"టక్కున ఆగుతాందా సార్, దుంకి దుంకి ఆగుతాందా?"

"దుంకుతాంది. బలం తగ్గి తగ్గి ఆగుతాంది."

స్విచ్ కట్టేసినట్టు ఆగితే కరెంటు వైపు వెతకాలి. ఊపిరందనట్టు కుదుపులిచ్చి ఆగితే పెట్రోల్ వైపు. ఒక్క జవాబుతో పాయింట్లు, కండెన్సర్, కాయిల్ లెక్కలోంచి పోయాయి. వాటికి పెట్టిన డబ్బులూ పోయినట్టే.

"రాత్రి పూట ఎప్పుడన్నా ఆగిందా?"

పెద్దాయన ఆలోచించి, ఎమ్మిగనూరులో పెళ్ళికి పోయి వస్తూ ఒకసారి ఆగిందన్నాడు. జనవరిలో. ఎండ కథ అక్కడే బలహీనపడింది.

"ట్యాంకు నింపినప్పుడు ఎక్కువ ఆగుతాందా, తక్కువున్నప్పుడా?"

"నింపిన రోజే ఆగుతాంది. బంకులో కల్తీ అనుకుంటి."

మేస్త్రీ లేచి నేరుగా కారు వెనక్కి పోయి పెట్రోల్ మూత చూశాడు. తాళంతో బిగించే మూత. పాత తాళంచెవి పోయిందని ఒక అంగట్లో కొన్నదట. దాన్ని ఒకసారి అటూఇటూ తిప్పి చూసి, ఏమీ చెప్పకుండా మళ్ళీ బిగించి, ట్యాంకు నింపించుకుని రమ్మన్నాడు.

నంద్యాల రోడ్డు మీద బయల్దేరాం. నేను వెనక సీట్లో. ఓర్వకల్లు ఇంకా రాకముందే కారు దుంకడం మొదలుపెట్టింది, గేరు తగ్గించినా లాభం లేక పక్కకొచ్చి ఆగింది. డ్రైవర్ అలవాటుగా సీసా కోసం వంగాడు. మేస్త్రీ వద్దని చెయ్యి చూపి, దిగి, మూతకు తాళం పెట్టి తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది, వెనక నిలబడ్డ నాకే స్పష్టంగా వినిపించింది. మూత వదులుగా పెట్టించి సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగైదు తిప్పులకు ఇంజన్ అందుకుంది. తిరిగి షెడ్డు దాకా ఎక్కడా ఆగలేదు.

పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ దాని చోట్లోకి గాలి రావాలి. ఈ బండికి ఆ గాలి మూతలోని సన్నటి రంధ్రంలోంచే రావాలి. కొత్త మూతకు రంధ్రమే లేదు. ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, పంపు లాగలేకపోతుంది. ఊళ్ళో పెట్రోల్ మెల్లగా ఖర్చవుతుంది కాబట్టి తెలియదు. నిండు ట్యాంకులో పైన ఉండే గాలి తక్కువ కాబట్టి శూన్యం తొందరగా వస్తుంది. మరి తడిగుడ్డ? అది చల్లబరిచింది నిజమే గానీ, బండిని బతికించింది బీడీ కాల్చినంత సేపు. ఆ సమయంలో ఏ సందులోంచో ట్యాంకులోకి కాస్త గాలి దూరేది.

పెద్దాయన మూతను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మేస్త్రీ పాత సామాన్లలోంచి రంధ్రమున్న మూత వెతికించాడు. పనిలో పనిగా ఫిల్టర్ విప్పితే ఎర్రటి తుప్పు రాలింది. పెట్రోల్‌లో ఇథనాల్ 2022కు పది శాతం, 2025కు ఇరవై శాతమైంది. అది పాత ట్యాంకులోని మురికిని కదిలిస్తుంది, తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరును పాడుచేస్తుంది. కొత్త డయాఫ్రం కూడా ఎన్నాళ్ళుంటుందో చూడాలని మేస్త్రీ అన్నాడు.

కడపలో ఏడు రోడ్ల నుంచి కొంత దూరంలో నేను చూసిన ఇంకో షెడ్డులో పద్ధతి వేరు. అక్కడి కుర్రాడి చేతిలో స్కానర్ ఉంది. ముందున్నది పాత శాంత్రో. పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో పెట్రోల్‌ను తోసే ఇలాంటి కార్లలో ఆవిరి బాధ దాదాపు లేదు. ఈ కారు టక్కున ఆగుతుంది, చల్లారితే కదులుతుంది. స్కానర్‌లో ఒక్క కోడ్ కూడా లేదు. కుర్రాడు దాన్ని పక్కన పెట్టి, ఇంజన్ వేడెక్కి ఆగేదాకా నడిపించి, క్రాంక్ సెన్సార్ మీద గ్లాసుడు నీళ్ళు పోశాడు. వెంటనే స్టార్టయింది. వేడికి సెన్సార్ లోపలి తీగచుట్ట తెగుతోంది, చల్లారితే అతుక్కుంటోంది. "మిషన్ అన్నీ చెప్పదన్నా" అన్నాడు. నాకైతే అడగడం రాని చేతిలో స్కానర్ ఉన్నా, అది ఎండ మీద తప్పు నెట్టడం లాంటిదే అనిపించింది.

కొత్త సెన్సార్ వేశాక మధ్యాహ్నం ఒంటిగంటకు, కావాలనే ఆ ఎండలో, రాయచోటి రోడ్డున గువ్వలచెరువు ఘాట్ ఎక్కించారు. పైన కోవా అంగళ్ళ ముందు ఆపారు గానీ ఇంజన్ కట్టలేదు. ఏసీ వేసి, ఐడిల్‌లో వదిలి, అందరం దిగి పాలకోవా తిన్నాం. ఓనరు మాత్రం ప్రతి రెండు నిమిషాలకూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. కారు ఆగలేదు. కుర్రాడు ఇంకో పావుకిలో కోవా కట్టించుకుని, బిల్లు ఓనరుకే చూపించాడు.