గోండి అక్షరాల చార్టు ఎందుకు మసకగ వచ్చిందంటే



మనం వేసిన గుంజాల గోండి అక్షరాల చార్టు చూసి "అన్నా, కళ్లు తిరుగుతున్నయి" అన్నరు చాలామంది. ప్రెస్సోళ్ల తప్పని చెప్పి ఊరుకున్న. సగం తప్పు నాదే, అందుకే ఈ పోస్టు.

పద్మారావు నగర్ రూముల కూసొని ఫోటోషాప్‌ల డిజైన్ చేసింది నేనే. దగ్గర్ల ఒక చిన్న ప్రెస్సుకి ఇచ్చిన. వాళ్లది రెండు రంగుల మిషన్. నాలుగు రంగులు పడాలంటే కాగితం రెండుసార్లు పోవాలె. ఆఫ్‌సెట్‌ల సిరాతో పాటు నీళ్లు కూడా తగుల్తయి, పైగా వానాకాలం. మొదటిసారి పోయొచ్చిన కాగితం వెంట్రుకంత సాగింది. గుస్సాడీ ఫోటోకి పెద్దగ ఏం కాలేదు, నెమలి ఈకల అంచున కొంచెం ఎర్రగ కనబడ్డది, అంతే. అక్షరాలే పాడైనయి.

ప్రెస్సు పెద్దమనిషి భూతద్దం చేతికిచ్చి చూడమన్నడు. నేను నలుపనుకున్నది ఒట్టి నలుపు కాదు! ఆర్‌జీబీల రాసిన నలుపును సీఎంవైకేకి మారిస్తే అది సియాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ నాలుగింటికీ పంచుకుపోయింది. ఒక్క అక్షరం, నాలుగు ప్లేట్లు. ఒక్కటి జరిగినా అక్షరం పక్కన రంగు నీడ పడ్తది.

తెలుగైతే మసకున్నా అలవాటు మీద చదివేస్తం. కొత్తగ నేర్చుకునేటోళ్ల సంగతి వేరు. మా అక్క కొడుకు ఆ నీడ గీతను కూడా అక్షరమే అనుకొని నోటుబుక్కుల దించిండు. గుంజాల ఊర్ల పాత రాతప్రతులల్ల బతికిన లిపి, 2018ల యూనికోడ్‌లకి ఎక్కిన లిపి, నా ఫైలు వల్ల పోరనికి తప్పుగ అందింది. అది చూసినంక నిద్ర పట్టలే.

ఈసారి అక్షరాలకు బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా పెట్టి ఓవర్‌ప్రింట్ చేసిన. ఓవర్‌ప్రింట్ లేకుంటే కింద రంగుల అక్షరమంత ఖాళీ వదుల్తరు, కొంచెం జరిగితే తెల్ల సందు కనబడ్తది. రంగు పట్టీ మీద తెల్ల అక్షరాలు తీసేసిన. ఫోటోల బూడిదరంగు పాళ్లను ఎక్కువగ బ్లాక్ ప్లేటుకే పంపొచ్చు, దాన్ని జీసీఆర్ అంటరు. అప్పుడు రంగులు జరిగినా అంత తెల్వదు. కానీ మరీ ఎక్కువ పెడితే మొఖాలు మురికిగ కనబడ్తయి, అందుకే మీడియం దగ్గర ఆపిన.

మీరు పోస్టర్లు చేసేటప్పుడు ఛానెల్స్‌ల సియాన్, మెజెంటా, ఎల్లో ఒక్కొక్కటి తెరిచి చూడండి. వాటిల్ల అక్షరం జాడ కనబడితే ప్రెస్సుకి పంపకుండ్రి.

కొత్త చార్టులు వచ్చినయి. పాతవి గోడల మీద ఉంటే తీసెయ్యండి. ఉట్నూర్ దిక్కు పోయేటోళ్లు చెప్తే కట్ట ఇచ్చి పంపిస్త.