సహనానికి తోడుగా చిరునవ్వు

విశ్వాసికి కష్టంలో సబ్ర్, సుఖంలో షుక్ర్ రెండు రెక్కల వంటివని మదరసాలో విద్యార్థులకు మేము ఏళ్ల తరబడి బోధిస్తూ వచ్చాము. కష్టంలో సైతం షుక్ర్‌కు చోటున్నదనీ, అది ఒక్కోసారి చిరునవ్వు రూపంలో ఇంట అడుగిడుతుందనీ మాకు నేర్పినది 2020వ సంవత్సరం.

ఆ ఏడాది మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా నెల రోజులకు, ఏప్రిల్ 25న, రమజాన్ ఉపవాసాలు ఆరంభమయ్యాయి. మస్జిదులో సామూహిక నమాజు లేదు. భారీ వర్షం కురిసిన రోజున ఇళ్లలోనే నమాజు చేసుకోమని అజాన్ ద్వారా ప్రకటించే పద్ధతి దైవప్రవక్త (స) కాలం నాటిదేనని తెలిసినా, మనసుకు సర్దిచెప్పుకోవడం సులభం కాలేదు. పైగా మా మదరసా వంటి సంస్థలు నడిచేది ప్రధానంగా రమజాన్ జకాతుతోనే. ఆ ఏడు వసూళ్లు లేక మా జీతాలు సగమయ్యాయి.

ఇంట్లో తరావీహ్ మొదలుపెట్టాము. మా వెనుక నిలిచిన జమాఅత్ మా శ్రీమతి, కుమార్తె, నాలుగేళ్ల మనవడు. రకాతులు లెక్కించే బాధ్యతను మనవడు కోరి తీసుకున్నాడు. ఇరవై చింతగింజలు పెట్టుకుని, సలాం చెప్పిన ప్రతిసారీ రెండేసి పక్కకు జరిపేవాడు. ఒక రాత్రి నిద్ర ముంచుకొచ్చి కాబోలు, నాలుగేసి జరిపాడు. అతని లెక్క ప్రకారం ఆనాటి తరావీహ్ పది రకాతులకే ముగిసింది! "నానా, గింజలు అయిపోయాయి, ఇక పడుకుందాం" అని తీర్పు కూడా ఇచ్చాడు. ఎన్నో రోజుల తరువాత ఆ రాత్రి మా ఇంట్లో అందరూ మనసారా నవ్వారు.

హిఫ్జ్ పాఠాలు ఫోనులో సాగాయి. ఒక విద్యార్థికి కష్టమైన ఆయతు రాగానే సిగ్నల్ పోయేది. సులువైన చోటికి రాగానే తిరిగి వచ్చేది. కారణమేమని అడిగితే, "హజ్రత్, ఆ ఆయతు దగ్గర మా ఊరి టవర్ బలహీనం" అన్నాడు.

ఒక ఉదయం తలుపు తీస్తే గడప ముందు బియ్యం సంచి ఉంది. పెట్టినవారు తలుపు తట్టలేదు, పేరు చెప్పలేదు. "ఎవరి కోసమని దుఆ చేయాలి? వీధి మొత్తానికీ చేస్తే సరి, వారూ అందులో ఉంటారు" అన్నది మా శ్రీమతి. ఆనాటి నుండి మా దుఆలో వీధి అంతా చేరిపోయింది, మాతో ఎన్నడూ సరిగా మాట్లాడని పొరుగువారితో సహా.

హాస్యం దీన్‌కు విరుద్ధం కాదు. స్వారీకి ఒంటె కావాలని అడిగిన మనిషికి, ఆడ ఒంటె పిల్లను ఇస్తానని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. పిల్లను ఏం చేసుకోనని అతను తికమకపడితే, ఏ ఒంటె అయినా మరో ఒంటెకు పిల్లే కదా అన్నారు. ఆ పరిహాసంలో అబద్ధం లేదు, ఎవరికీ అవమానం లేదు. మన నవ్వుకు కొలబద్ద అదే. వ్యాధిగ్రస్తుణ్ణి, అతని కుటుంబాన్ని, అతని మతాన్ని ఎగతాళి చేస్తూ ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన మాటలు ఆ కొలబద్దకు నిలిచేవి కావు.

మా మస్జిదు మువజ్జిన్ సాహెబ్ వృద్ధులు. లాక్‌డౌన్ పొడవునా ఖాళీ మస్జిదులో ఐదు పూటలా అజాన్ ఇచ్చారు. "ముప్పై ఏళ్లు పిలిచాను, చాలామంది రాలేదు. ఇప్పుడు అందరూ వస్తామంటున్నారు, నేనే వద్దని చెప్పాల్సి వస్తోంది!" అనేవారు. మరుసటి వేసవిలో, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు తీసిన ఆ 2021 రెండవ విడతలో, ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జనాజాకు ఉన్నది గుప్పెడు మంది. మా ఇంట్లో నవ్వు ఆగిపోయింది. అలాంటి వేళ నవ్వు రాకపోవడమే న్యాయం. తన పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కూడా కన్నీరు కార్చారు.

కొన్ని వారాల తరువాత పరామర్శకు వెళితే, మువజ్జిన్ సాహెబ్ సతీమణి ఆయన మాటనే గుర్తు చేసుకున్నారు. "ఇప్పుడు మీరందరూ మస్జిదుకు వెళ్లకపోతే ఆయన ఊరుకోరు" అంటూ కన్నీళ్లతోనే నవ్వారు. ఆమె దుఃఖం తగ్గిందని ఆ నవ్వుకు అర్థం కాదు. పోయినదానితో పాటు, అల్లాహ్ అన్నేళ్లు ఇచ్చినది కూడా ఆమెకు కనిపించింది. షుక్ర్ అంటే అదే.

సోదర సోదరీమణులారా! ఆ రెండేళ్లలో ప్రతి ఇల్లూ ఏదో ఒకటి కోల్పోయింది. పిల్లలకు ఆ నష్టాలతో పాటు ఆనాటి నవ్వులను, గడప ముందు సంచి పెట్టి వెళ్లిన చేతులను గురించి కూడా చెప్పండి. అడగకుండానే అందుతున్న ప్రతి శ్వాసకూ అల్‌హందులిల్లాహ్ అనడం నేర్పండి.

మన మధ్య నుండి వెళ్లిపోయిన వారందరినీ అల్లాహ్ మన్నించుగాక! మిగిలిన మనకు సహనాన్నీ, కృతజ్ఞతనూ, ఇతరుల మనసు నొప్పించని నవ్వునూ ప్రసాదించుగాక! ఆమీన్.