ఎథిక్స్ కమిటీ ఆఫీసులో ఒక పూట

హైదరాబాద్‌లో ఒక బోధనాసుపత్రి. రక్తపరీక్షల క్యూ పక్కనుంచి మెట్లెక్కితే పై అంతస్తులో, వరండా చివర, ఎథిక్స్ కమిటీ ఆఫీసు. ఒకే గది. గోడ వెంట తాళాలు వేసిన ఇనుప బీరువాలు. వాటి తాళంచెవులు కమిటీ కోఆర్డినేటర్ దగ్గరుంటాయి. తన పేరూ ఆసుపత్రి పేరూ రాయనని మాటిచ్చాకే ఆమె నన్ను కూర్చోమన్నారు. ఫైళ్లు మాత్రం చూపించలేదు. రోగుల వివరాలుండే కాగితాలు బయటివాళ్లకు చూపకపోవడమే ధర్మం.

మనుషుల మీద కొత్త మందు పరీక్షించాలంటే ముందు ఈ కమిటీ ఒప్పుకోవాలి. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇందులో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వాళ్లలో కనీసం సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. అధ్యక్షులు బయటివారే కావాలి.

నేను వెళ్లిన రోజు సమావేశం ఉంది. డాక్టర్లు వచ్చేశారు, లాయరు గారు, సామాజిక శాస్త్రవేత్త వచ్చారు. సామాన్య ప్రజల తరఫున కూర్చునే సభ్యుడు, ఒక రిటైర్డ్ టీచరు, ఇంకా రాలేదు. సీనియర్ సర్జన్ ఒకరు గడియారం చూసుకున్నారు.

“ఐదుగురికి మించే ఉన్నాం కదమ్మా, మొదలుపెట్టేద్దాం. నాకు థియేటర్ టైమవుతోంది.”

“ఐదుగురుంటే చాలదు సర్. లే పర్సన్ లేకపోతే కోరం కాదు. ఇవాళ తీసుకున్న నిర్ణయం రేపు చెల్లదు సర్.”

కోఆర్డినేటర్ గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. అధ్యక్షులు తలూపారు. టీచరు గారు చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాకే తలుపు మూశారు. నన్ను బయట ఉండమన్నారు. ఆ గదిలో అందరికంటే చిన్న ఉద్యోగం ఆమెది. అయినా ఆ పూట రోగి పక్షాన నిలబడింది ఆమే అని నాకు అనిపించింది.

మధ్యాహ్నం ఒక ఖాళీ నమూనా పత్రం ముందుపెట్టి తన పని వివరించారు. పరిశోధన మధ్యలో మందు వల్ల కొత్త దుష్ఫలితం బయటపడితే కంపెనీ ఇంగ్లిష్ సమాచార పత్రాన్ని సవరిస్తుంది. వెర్షన్ నంబరు మారుతుంది, తేదీ మారుతుంది. తెలుగు పత్రం మాత్రం ఒక్కోసారి పాత నంబరుతోనే వస్తుంది. అంటే, ఉదాహరణకు, కాలేయానికి ముప్పు ఉందన్న సంగతి డాక్టరుకు తెలుసు, సంతకం పెట్టే రోగికి తెలియదు. అందుకే ఆమె రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని పేరా పేరా సరిచూస్తారు. ట్రయల్ ఇన్సూరెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో చూస్తారు. ట్రయల్‌లో ఉన్నవాళ్లకు తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో కమిటీకి తెలపాలి. ఆ కబురు ఏ గంటకు అందిందో రాసి, ముద్ర వేసేదీ ఆమే.

“ఇదంతా ఎవరు నేర్పారండీ?” అని అడిగాను.

“ఎవరూ లేరండీ. ఫార్మసీ చదివాను. టైపింగు, ఫైలింగు పనేననుకుని చేరాను. నిబంధనలు నేనే చదువుకున్నాను. సభ్యులకైతే శిక్షణ ఉండాలని రూల్లోనే ఉంది. మా గురించి ఎవరూ అడగరు.”

ఖమ్మం సంగతి గుర్తొచ్చింది నాకు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశోధన కింద వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయినా, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. అమ్మానాన్నలను అడగనే లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది. పని తెలిసిన మనిషి ఒకరు మొదటి వారంలోనే ఓ కట్ట పత్రాలు విప్పి చూసి ఉంటే ఆ సంతకాలు కంటపడేవి.

అమెరికా కూడా దెబ్బ తిన్నాకే నేర్చుకుంది. అలబామాలోని టస్కీగీలో సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స అందకుండా 1932 నుంచి 1972 దాకా గమనిస్తూ పోయారు. ఆ ఘోరం బయటపడ్డాక 1974లో పరిశోధన చట్టం వచ్చింది. ఐఆర్‌బీలనే ఇలాంటి కమిటీలు తప్పనిసరి అయ్యాయి. కమిటీ ఆఫీసులు నడిపేవాళ్లకు ‘సర్టిఫైడ్ ఐఆర్‌బీ ప్రొఫెషనల్’ అనే గుర్తింపు తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చింది. ఇప్పుడక్కడ అనుభవం ఉన్నవాళ్లు పరీక్ష రాసి సీఐపీ అని పేరు పక్కన పెట్టుకుంటారు. మూడేళ్లకోసారి దాన్ని నిలబెట్టుకోవాలి.

ఆ పరీక్ష సిలబస్ ఈమె చూశారు. “ఎక్కువ భాగం వాళ్ల ఫెడరల్ నిబంధనలేనండీ. ట్రయల్‌లో మనిషి పోతే మన దగ్గర నష్టపరిహారం ఎలా లెక్కకట్టాలి, సమ్మతి ఇస్తున్నప్పుడు ఎవరిని వీడియో తీయాలి... అవి అందులో ఎందుకుంటాయి? ప్యాసైనా ఇక్కడి పని ఇక్కడే నేర్చుకోవాలి.”

మన దగ్గర ఎన్‌ఏబీహెచ్ లాంటి సంస్థలు కమిటీకి గుర్తింపు ఇస్తాయి. అది మంచిదే. కాని ఆ గుర్తింపు కమిటీది, అందులో పనిచేసే మనిషిది కాదు. ఈమె రేపు ఉద్యోగం మానేస్తే ఇన్నేళ్ల తెలివిడి ఆమెతోనే వెళ్లిపోతుంది. ఆ కుర్చీలోకి వచ్చే కొత్త గుమాస్తాకు కోరం అంటే తలల లెక్కే. పెద్ద డాక్టరు కానిద్దామంటే కాదనడానికి అతనికి చదువూ ఉండదు, హోదా ఉండదు. ధ్రువీకరణ పత్రం ఉన్నంతమాత్రాన మనిషికి నిజాయితీ రాదని నాకూ తెలుసు. కాని కాదనే మనిషి వెనక నిలబడటానికి ఒక కాగితమైనా ఉండాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2017లోనే మంచి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటినీ 2019 నిబంధనలనూ ఆధారం చేసుకుని ఎథిక్స్ కమిటీ సిబ్బందికి మన దేశపు పరీక్ష ఒకటి పెట్టమని ఆ మండలిని కోరుతున్నాను. ప్యాసైనవాళ్లకు ఒక హోదా, దానికి తగ్గ జీతం ఇవ్వాలి. రోగి చేతికి వెళ్లే పత్రాన్ని రోగి భాషలో చదివి లోపం పట్టుకోవడం ఆ పరీక్షలో తప్పనిసరి భాగం కావాలి.