తోమని గిన్నె

మన యిళ్లలో రోజూ తోమే గిన్నెలు కొన్ని వుంటాయి, పండగకి తోమే గిన్నెలు కొన్ని వుంటాయి. ఎన్నడూ తోమని గిన్నె మాత్రం వొక్కటే. అది స్నానాల గదిలో, మన తలకు పైన గోడకి వేలాడుతూ, తెల్లచొక్కా తొడుక్కున్న పెద్దమనిషిలా వుంటుంది. దాన్నే గీజరు అంటాం. కొన్న రోజున పసుపూ కుంకుమా పెడతాం. ఆ తరువాత మీట నొక్కడమే గాని, దాని కడుపులో యేమున్నదో విచారించే వాళ్లుండరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు వూళ్లలోనూ మాకు చుట్టరికాలున్నాయి. ఏ పెళ్లిలోనో అందరం కలుసుకుంటే పిల్లల చదువులూ, పెద్దల మోకాళ్లూ అయ్యాక, మాట గీజరు మీదికి వచ్చి తీరుతుంది.

"మీది యెన్నేళ్లు వచ్చింది వదినా?"

"మూడో యేడు నడుస్తోంది."

"అదృష్టవంతులు! మాది రెండో చలికాలానికే కాలం చేసింది."

ఆ మీదట అందరూ కలిసి కంపెనీ వాణ్ణి తిట్టుకుంటారు. పాపం, అతగాడి తప్పు యెంత, మన బావి తప్పు యెంత అన్నది యెవరూ తేల్చరు.

మొన్న ధనుర్మాసంలో కోదాడలో మా అక్కయ్య గారింట్లో గీజరు విప్పుతుంటే నేనక్కడే వున్నాను. మెకానిక్ కుర్రాడు కింద బేసిన్ పెట్టి అడుగు మూత వూడదీశాడు. నీళ్లతో పాటు తెల్లటి రాతి పెచ్చులు గలగలా రాలాయి. తరువాత వేడి పుట్టించే ఎలిమెంటు బయటికి లాగితే, పాకం గడ్డకట్టిన జంతికలాగా లావెక్కి వుంది.

"కంపెనీ వాడు నాసిరకం సరుకు అంటగట్టాడు" అన్నారు మా బావగారు.

"కంపెనోడు ఏం జేస్తడు సారూ? మీ బోరు నీళ్లే గట్లున్నయి. గిది గీజరు కాదు, సున్నపు బట్టీ!" అన్నాడు కుర్రాడు.

ఆ కుర్రాడన్న మాట అక్షరాలా నిజం. వాన నీరు ఆకాశం నుంచి దిగేటప్పుడు మెత్తనిదే. గాలిలోనూ మట్టిలోనూ వున్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుతో నేలలోని కాల్షియం, మెగ్నీషియం కరిగించి తనలో దాచుకుంటుంది. కంటికి తేటగానే కనిపిస్తుంది. నీళ్లు కాగబెట్టామా, ఆ వాయువు పైకి లేచిపోతుంది. కరిగిన రాయి మళ్లీ రాయి అయి, యెక్కడ వేడి యెక్కువో అక్కడే పేరుకుంటుంది. గీజరులో యెక్కువ వేడి ఎలిమెంటుదే కనుక, మొదటి పూత దానికే.

హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాలలో సిమెంటు కార్ఖానాలు యెందుకు వెలిశాయి? కాళ్ల కింద సున్నపురాయి వుంది కనుక. కార్ఖానాల వాళ్లు లారీలలో మోసుకుపోయే సరుకునే, బోరుబావి చప్పుడు చేయకుండా మన యింటికి చేరవేస్తుంది. గ్రానైటు నేల వున్న చోట బాధ లేదనుకోరాదు. లోతు బండల పగుళ్లలో యేళ్ల తరబడి నిలిచిన నీరు కూడా కాఠిన్యం తెచ్చుకుంటుంది.

తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా వుంటే మంచిదనీ, వేరే నీటి ఆధారం లేని చోట 600 దాకా సర్దుకోవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన నిబంధన చెబుతుంది. ఒక యింట్లో లీటరుకు 400 వుందనుకుందాం. రోజుకు వంద లీటర్లు కాచుకుంటే 40 గ్రాముల రాయి గీజరు గుండా పోతుంది. ఏడాదికి పధ్నాలుగున్నర కిలోలు! అందులో పదో వంతు లోపల చిక్కుకున్నా, కిలోన్నర సున్నం మన నెత్తి మీద వేలాడుతున్నట్టే.

దీనివల్ల పోయేది డబ్బు వొక్కటే అయితే యింతగా చెప్పనక్కర లేదు. సున్నపు పొర వేడిని సులువుగా దాటనివ్వదు. ఎలిమెంటు లోలోపలే కాలిపోతూ వుంటుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వుంటాయి. కరెంటు బిల్లు పెరుగుతుంది. టపటపమని చప్పుళ్లు మొదలవుతాయి. చివరికి ఎలిమెంటు తొడుగు చిట్లి లోపలికి నీరు చేరితే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. యింట్లో ఎర్తింగు సరిగా వుండి, ఆర్‌సీసీబీ బిగించి వుంటే అది టక్కున పడిపోయి ప్రాణాలు కాపాడుతుంది. అది పడిన ప్రతిసారీ విసుక్కుని మళ్లీ పైకి యెత్తే వాళ్లను చూశాను. అది మొరాయించడం కాదు, హెచ్చరిక. గీజరు పక్కన వుండే సేఫ్టీ వాల్వు సంగతీ అంతే. నీళ్లు కాగేటప్పుడు అది నాలుగు చుక్కలు రాల్చడం సహజం. చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించే మేధావులున్నారు. లోపల వొత్తిడి పెరిగితే పోవడానికి దారి వుండదు. సున్నం పట్టినా ఆ దారి మూసుకుపోవచ్చు. అందుకే దాని పిడిని అప్పుడప్పుడు యెత్తి చూడాలి.

మరి చేయవలసిందేమిటి? మొదట యే నీళ్లు గీజరులోకి పోతున్నాయో చూసుకోవాలి. సీసాలో కొంచెం వాన నీరు, మరో సీసాలో బోరు నీరు పోసి, రెండింట్లోనూ అదే బట్టల సబ్బు చెక్క వేసి గిలక్కొట్టండి. నురగ రాక తెల్లని తెట్టు కడితే అది కఠిన జలమే. నది నీరు సాధారణంగా బోరు నీటి కంటే మెత్తన. ఈ వైపు పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు 1967 నుంచి వస్తున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు యింటి నల్లాలకూ వచ్చాయి. మిర్యాలగూడలో మా మేనకోడలు నల్లా నీళ్లకు మేడ మీద వేరే చిన్న ట్యాంకు పెట్టించి, గీజరుకు దాన్నే కలిపించింది. బోరు నీళ్లు తక్కిన వాడకానికి. ఖర్చు వొక ట్యాంకూ, నాలుగు గజాల పైపూ.

రెండోది, వేడి తగ్గించడం. నీళ్లు యెంత మరిగితే రాయి అంత త్వరగా కడుతుంది. మీటను ఆఖరికి తిప్పి 75 డిగ్రీలు కాచి, మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడం యెందుకు? 55, 60 డిగ్రీల మధ్య చాలు. మరీ తగ్గించినా నిలవ నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

మూడోది, తోమడం. మా అమ్మ పెరట్లో రాగి బాయిలరును చింతపండు పెట్టి తోమేది. పులుపు సున్నాన్ని కరిగిస్తుందన్న రసాయన శాస్త్రం ఆవిడకు చేతుల్లోనే వుండేది. గీజరుకు చింతపండు బదులు నిమ్మ ఉప్పు. మెయిన్ స్విచ్ కట్టేసి, నీళ్లు దించి, మెకానిక్ చేత ఎలిమెంటు తీయించి, లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నానబెడితే పొర బుసబుసమంటూ వదులుతుంది. స్నానాల గదులు కడిగే ఘాటు యాసిడ్ మాత్రం వద్దు, లోహాన్ని తినేస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకడం కూడా వద్దు, ట్యాంకు లోపలి గాజు పూత లేచిపోతుంది. ఆ చేత్తోనే మెగ్నీషియం కడ్డీని చూడమనాలి. అది యింటి కష్టమంతా తన మీద వేసుకుని కరిగిపోయే పెద్దకొడుకు వంటిది. అది అరిగి పుల్ల అయ్యాక, తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది.

బజారులో మెత్తనీటి యంత్రాలున్నాయి. వాటిలోని రెజిన్ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. వాటికి వేళకు ఉప్పు పోయడం మరిచిపోతే గుళికలు వూరికే కూర్చుంటాయి. ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పిన వాళ్లు ఆ నీళ్లు తాగకూడదు. మన నల్లగొండ సీమలో ఫ్లోరైడు భయం వేరే వుంది కనుక వొక మాట. కాఠిన్యం వేరు, ఫ్లోరైడు వేరు. నీళ్లు కాచినందువల్ల ఫ్లోరైడు పోదు. ఆ పరీక్ష విడిగా చేయించుకోవలసిందే.

దీపావళికి యిల్లు దులిపేటప్పుడు, అటక మీది ఇత్తడి సామాను దించేటప్పుడు, గోడ మీది యీ పెద్దమనిషిని కూడా లెక్కలో వేసుకోండి. ఏడాదికి వొక పూట పని. తెల్లవారుజామున చలికి వణుకుతూ ముసలివాళ్లూ, బడి వేళయిందని పిల్లలూ మొదట నిలబడేది ఆ నీళ్ల కిందనే గదా!